చేయి అతికించడంతో చికిత్స పూర్తి కాదు: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

చేయి మార్పిడి రోగులకు శస్త్రచికిత్స తర్వాత అందాల్సిన వైద్యం గురించి మేం చేసుకున్న విన్నపాలకు మీ కార్యాలయం నుంచి జవాబు రాలేదు. అందుకే నలుగురి ఎదుట రాస్తున్నాం.

చేయి మార్పిడికి, అంటే మరణించిన దాత చేతిని రోగికి అమర్చడానికి, శస్త్రచికిత్స ఖర్చు మంజూరవుతోంది. ఆ తర్వాతి కాలానికి కేటాయింపు లేదు. కుట్టిన నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మణికట్టు దగ్గర అతికిస్తే వేలి కొసకు స్పర్శ చేరడానికి ఆరేడు నెలలు, మోచేతి పైన అయితే రెండేళ్లకు దగ్గర. అన్నాళ్లూ థెరపిస్టు రోజూ వేళ్లను వంచి చాపించాలి. లేకపోతే స్నాయువులు (కండరాలను ఎముకలకు కలిపే తాళ్లు) చుట్టుపక్కల కణజాలానికి అంటుకుపోతాయి, కీళ్లు బిగుసుకుపోతాయి. అప్పుడు ఉండేది చేయి ఆకారమే.

ఇక మందులు. కొత్త చేతిని శరీరం తిరస్కరించకుండా ఆపే టాక్రోలిమస్ మాత్రను జీవితాంతం, వేళ తప్పకుండా వేసుకోవాలి. రక్తంలో దాని మోతాదును ఉదయం మాత్ర వేసుకోకముందే పరీక్షించాలి. వేసుకున్నాక తీస్తే ఆ అంకెను నమ్మలేం. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఆ మోతాదును పడగొడుతుంది, కొన్ని ఫంగస్ మందులు అమాంతం పెంచి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. తిరస్కరణ ముందుగా చర్మం మీదే కనిపిస్తుంది: ఎర్రటి మచ్చలు, వాపు. దద్దురని పొరబడి వారం ఆగితే చేయే పోవచ్చు. 1998లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో అమర్చిన చేతిని, రోగి మందులు మానేయడంతో, 2001లో తొలగించాల్సి వచ్చింది. ఆయన తనంతట మానేశారు. కొనలేక మానేసినా శరీరానికి తేడా తెలియదు.

కాబట్టి శస్త్రచికిత్సను మంజూరు చేసే ఉత్తర్వులోనే జీవితాంతం మందులు, రక్త పరీక్షలు, కనీసం రెండేళ్ల థెరపీ, అత్యవసర చర్మ బయాప్సీ (చర్మం ముక్క తీసి చేసే పరీక్ష) చేర్చండి. అది కుదరని పక్షంలో రోగి సంతకం పెట్టకముందే ఆ మాట రాతపూర్వకంగా చెప్పించండి.

ఇట్లు,
చేయి మార్పిడి రోగులకు సేవలందించే థెరపిస్టులు, నర్సులు