ఇకపై మా కత్తుల చీటీ మీద ఏం రాస్తాం, ఏం రాయం

మా కొట్టులో పాత కత్తులు, బాకులు కొనే అందరికీ నమస్కారం.

ఈ దసరా నుంచి ప్రతి వస్తువుకీ మేం కట్టే చీటీ మారుతోంది. కొన్ని ధరలు తగ్గుతున్నాయి, కొన్ని పెరుగుతున్నాయి. కొన్ని వస్తువులను అమ్మకం నుంచి పూర్తిగా తీసేశాం. ఎందుకో దాపరికం లేకుండా చెబుదామని ఇది రాస్తున్నాను. కాస్త పెద్దదే. తీరిక చూసుకుని చదవండి.

ముందు చీటీ సంగతి. ఇక నుంచి దాని మీద ఆ వస్తువు దేనితో చేశారు, ఎలా చేశారు, ఆ పనితనం ఏ ప్రాంతానిది అన్నవే ఉంటాయి. కాలం చెప్పగలిగితే శతాబ్దం రాస్తాం, అలా ఎందుకు అనుకుంటున్నామో పక్కనే ఒక వాక్యం ఉంటుంది. ‘ఫలానా నవాబుగారి బాకు’, ‘ఫలానా సంస్థానం ఖజానాలోది’ అన్న మాటలు మాత్రం పాత కాగితమో, మ్యూజియం రికార్డో చేతిలో ఉంటే తప్ప రాయం. అమ్మకానికి తెచ్చినవాళ్లు ఎంత గట్టిగా చెప్పినా సరే.

దీనివల్ల గిరాకీ కొంత తగ్గుతుందని తెలుసు. రాజు పేరు ఉన్న కత్తి వారంలో అమ్ముడుపోతుంది. ‘దక్కన్, 18వ శతాబ్దం చివర కావచ్చు, అలుగు మార్చారు’ అని రాసి ఉన్నది నెలల తరబడి అద్దాల బీరువాలోనే ఉంటుంది (అలుగు అంటే పిడికి బిగించే ఉక్కు భాగం). అయినా ఈ నిర్ణయం తప్పదనిపించింది.

కారణం ఈ మధ్య బజారు నిండిపోయిన ‘పాత’ సరుకు. రాజస్థాన్‌లో ఇప్పటికీ గొప్ప పనివాళ్లు ఉన్నారు. ఉదయపూర్‌లో ఉక్కు మీద బంగారు తీగ కొట్టే కోఫ్త్‌గరీ పని చూస్తే ఆ చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది. ఆ పనిని కొత్త పనిగానే అమ్మితే పనివాడికీ గౌరవం, కొన్నవాడికీ ఆనందం. మధ్యలో ఎవరో దాన్ని ఉప్పునీళ్లలో నానబెట్టి, యాసిడ్ పూసి, మట్టిలో పాతి తీసి, పేరూ ఊరూ తగిలించి పదింతల ధరకు అంటగడుతున్నారు. చేసినవాడికి దక్కేది కూలి డబ్బులే.

మొన్నామధ్య రిటైరైన ఒక మాస్టారు ఒక కటారి పట్టుకుని వచ్చారు. ఆన్‌లైన్‌లో కొన్నారట. మరాఠా సైన్యంలోదని రంగుల్లో అచ్చువేసిన సర్టిఫికెట్, దాని మీద ఒక గుండ్రటి ముద్ర. పింఛను డబ్బుల్లోంచి దాచుకుని కొన్నానని చెప్పారు. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, భూతద్దం ఇచ్చి ఇద్దరం కలిసే చూశాం. ఆ పరీక్ష మీకూ పనికొస్తుంది కాబట్టి వివరంగా చెబుతాను.

కటారి పిడి మిగతా బాకుల పిడిలా ఉండదు. రెండు పక్కలా రెండు కడ్డీలు, వాటి మధ్య పట్టుకోవడానికి అడ్డంగా రెండు కమ్మీలు. పిడికిలి బిగిస్తే అలుగు మోచేతికి సూటిగా ముందుకు నిలుస్తుంది. పొడవడానికి చేసిన ఆయుధం. అందుకే పాత కటారుల్లో చాలావాటికి మొన దగ్గర ఉక్కు మందంగా ఉంటుంది, ఇనుప గొలుసుల కవచంలోకి దిగినా విరగకుండా. మాస్టారి కటారిలో మందం మొదటి నుంచి మొన దాకా ఒక్కలాగే ఉంది. రేకు కోసినట్టు.

తర్వాత అతుకులు. పాత పనిలో కమ్మీని కడ్డీకి ఇత్తడి పోసి అతికితే, అతుకు వెంబడి సన్నని పసుపు గీత కనిపిస్తుంది. కొన్నింటిని రివిట్లతో బిగిస్తారు. ఇక్కడ అతుకు మీద నల్ల రంగు పూసి ఉంది. దూదితో థిన్నర్ రాస్తే రంగు వచ్చేసి, కింద కరెంటు వెల్డింగ్ బుడిపెలు బయటపడ్డాయి. అలుగు మీద గీతలన్నీ ఒకే వైపుకు, ఒకే ఎడంతో ఉన్నాయి. అవి గ్రైండర్ గీతలు. చేత్తో ఆకురాయి పట్టిన అలుగు మీద గీతలు ఎక్కడికక్కడ దిశ మారతాయి, అంచు దగ్గర చెయ్యి తేలికవుతుంది.

తుప్పు కూడా కాలం చెబుతుంది. పాత తుప్పు ముదురు గోధుమ రంగులో ఉక్కును కరుచుకుని ఉంటుంది. చెయ్యి తగలని మూలల్లో, పిడి కింద, గాడుల్లో ఎక్కువ. రోజూ చెయ్యి పడే చోట నునుపు. యాసిడ్ తుప్పు అన్ని చోట్లా సమానంగా, నారింజ రంగులో, గోటికి రాలేలా ఉంటుంది. పిడి మీద బంగారు పూలు ఉన్నాయి కానీ, అరిగిన చోట అడ్డదిడ్డంగా గీసిన సన్నని గీతల జాలీ లేదు. అసలు కోఫ్త్‌గరీలో ముందు ఉక్కును ఆ గీతలతో గరుకు చేసి, దాని మీద బంగారు తీగను సుత్తితో కొడతారు. బంగారం పోయినా జాలీ మిగిలి ఉంటుంది. ఇక్కడ ఉన్నది పెయింటు.

“మరి సర్టిఫికెట్ ఇచ్చారు కదండీ?” అన్నారు మాస్టారు. నాకు కడుపు తరుక్కుపోయింది. ఆ కాగితం ఇచ్చిన కంపెనీకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తడం లేదని తర్వాత చెప్పారు.

అసలైన పాతది ఎలా ఉంటుందో మద్రాసు ఎగ్మూర్‌లోని ప్రభుత్వ మ్యూజియంలో తంజావూరు కటారులు చూస్తే తెలుస్తుంది. చేతి వెనుక భాగాన్ని కప్పేలా తెరచాపలా లేచిన రేకు, దానికి ఇనుములోనే చెక్కిన యాళి (గుళ్ల స్తంభాల మీద కనిపించే సింహంలాంటి కల్పిత మృగం) బొమ్మలు. తంజావూరు కోటలోని ఆయుధాగారం 19వ శతాబ్దంలో చెదిరిపోయింది. చాలా భాగం పాత ఇనుము కింద తూకానికి పోయింది. మిగిలినవి మ్యూజియాలకు చేరాయి. జార్జ్ కామెరాన్ స్టోన్ అనే అమెరికన్ సేకర్త వీలునామా ద్వారా 1935లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి దక్కిన ఆయుధాల్లో కూడా అక్కడివి ఉన్నాయి. వీటిలో చాలావాటి అలుగులు యూరప్ నుంచి వచ్చినవి. పొడవాటి యూరప్ కత్తిని కోసి, ఇక్కడి పిడికి రివిట్లతో బిగించారు. అందుకే ‘అలుగు మార్చారు’ అని చీటీ మీద కనిపిస్తే కంగారు పడకండి. 16, 17 శతాబ్దాల్లో దక్షిణ దేశంలో అది మామూలు సంగతి. నా దృష్టిలో అలాంటి కటారి విలువ ఎక్కువ. సముద్రం దాటి వచ్చిన ఉక్కు, మన కంసాలి పని ఒక్క చోట దొరుకుతాయి.

వంపు తిరిగిన ఖంజరు, పిడి చివర గొడుగులా విచ్చుకునే ఖంజర్లీ లాంటివి చూసేటప్పుడు అలుగు పిడిలోకి దిగే చోటు చూడండి. మన దేశంలో అలుగు తోకను, అంటే పిడి లోపలికి దూరే సన్నని కొసను, లక్క పోసి నిలబెట్టేవారు. ఎర్రగానో నల్లగానో పెళుసుగా కనిపిస్తుంది. బూడిద రంగులో ఎమ్‌సీల్ ముద్ద కనిపిస్తే కనీసం మరమ్మతు జరిగిందని అర్థం. మరమ్మతు తప్పేమీ కాదు, చెప్పకపోవడం తప్పు. ఇకపై మరమ్మతులన్నీ చీటీ మీద ఉంటాయి.

ఇప్పుడు అమ్మకం నుంచి తీసేసిన వాటి గురించి. ఏనుగు దంతం, ఖడ్గమృగం కొమ్ము, జింక కొమ్ము పిడులున్నవి ఏవీ ఇక మా దగ్గర దొరకవు. ఎంత పాతవైనా కొనం, అమ్మం, మధ్యవర్తిగానూ ఉండం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణతో మన ఏనుగు దంతం వ్యాపారం ఆగిపోయింది. 1991 సవరణతో ఆఫ్రికా దంతం కూడా అందులోకి వచ్చింది. ‘పాతది కదా, ఫర్వాలేదు’ అని బజారులో చెప్పే మాట నమ్మి చిక్కుల్లో పడకండి. ఇంట్లో వారసత్వంగా ఉంటే అటవీ శాఖ వాళ్ల యాజమాన్య పత్రం ఉందో లేదో చూసుకోండి. ఉన్నా సరే, డబ్బుకు అమ్మే వీలు లేదు.

ఈ విషయంలో నాకు ఎక్కువ బాధ కలిగించేది జంబియా. యెమెన్‌లో మగవాళ్లు నడుముకు కట్టుకునే వంపు బాకు, అలుగు మధ్యలో వెన్నెముకలా గట్టి గీత. నిజాం కొలువులో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బుల కుటుంబాలు బార్కస్‌లో ఇప్పటికీ ఉన్నాయి కాబట్టి, హైదరాబాద్‌లో జంబియా పరాయి వస్తువేమీ కాదు. యెమెన్‌లో మాత్రం ఖడ్గమృగం కొమ్ము పిడి అంటే హోదా. చేతుల మీద అరిగేకొద్దీ వెలుతురుకు తేనె రంగులో మెరుస్తుంది. ఆ మోజు కోసం 1970లలో ఆఫ్రికాలో ఎన్ని ఖడ్గమృగాలు నేలకొరిగాయో తలచుకుంటే ఆ మెరుపు చూడబుద్ధి కాదు. 1982లో అప్పటి ఉత్తర యెమెన్ ఆ కొమ్ము దిగుమతిని నిషేధించింది, కానీ దొంగ రవాణా ఆ తర్వాత కూడా నడిచింది. మా దగ్గర ఇక ఉండేవి గేదె కొమ్ము, కర్ర, వెండి పిడులవే. ఎముక పిడి ఉంటే భూతద్దంలో చూడండి, సన్నని నల్ల చుక్కలు కనిపిస్తాయి. దంతంలో ఆ చుక్కలుండవు. అడ్డంగా కోసిన చోట ఒకదాన్నొకటి దాటే వంపు గీతలుంటాయి. ఏది ఏదో తేల్చలేకపోతే ఆ వస్తువు కొట్టులోకే రాదు.

మరో మార్పు. యాసిడ్ పాలిష్ సర్వీసు ఇక లేదు. ‘మెరిసేలా చేసివ్వండి’ అని ఎంత బతిమాలినా చెయ్యం. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. అలాంటి ఉక్కుతో చేసిన అలుగు మీద నీటి అలల్లాంటి సన్నని చారలుంటాయి. పాతబస్తీ వ్యాపారులు జౌహర్ అనేది దాన్నే. ఆ చారలు ఉక్కు లోపలి నుంచి వచ్చినవి. బఫింగ్ చక్రం పెడితే కళ్లకు కనిపించకుండా పోతాయి, మళ్లీ రప్పించాలంటే తెలిసినవాడి చెయ్యి పడాలి. తుప్పు అనుకుని గీకేసిన దాని కింద జౌహర్ ఉండొచ్చు. ఇప్పుడు డమాస్కస్ ఉక్కు పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మేవి చాలావరకు రెండు రకాల ఉక్కు పొరలు మడిచి అతికినవి. చారలు పెద్దవిగా, కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. వాడుకకు బాగానే ఉండొచ్చు, కానీ జౌహర్ వేరు.

ఆయుధ పూజ రోజుల్లో ఇంకో విన్నపం. పాత కత్తిని చింతపండుతో, ఇటుక పొడితో తోమకండి. వందేళ్ల నలుపు పది నిమిషాల్లో పోతుంది, దానితోపాటు బంగారు పని కూడా పోవచ్చు. బొట్లు పెట్టాలనుకుంటే ఒర మీద పెట్టండి. తడి పసుపు, కుంకుమ అలుగు మీద రాత్రంతా ఉంటే తెల్లారేసరికి మచ్చ. పూజయ్యాక మెత్తటి గుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ నూనె పల్చగా రాయండి. కొబ్బరినూనె వద్దు, జిగురుగా మారి దుమ్ము పడుతుంది. తోలు ఒరలో అలుగును ఉంచి బీరువాలో పెట్టేయకండి. వానాకాలంలో తోలు చెమ్మ పీల్చి నేరుగా ఉక్కుకు ఇస్తుంది. రెండింటినీ విడివిడిగా దాచండి.

గూర్ఖాల వంపు కత్తులైన కుక్రీలు, జావా బాకులైన క్రిస్‌ల గురించి చాలామంది అడుగుతున్నారు. ప్రపంచ యుద్ధాల కాలం నాటి మిలటరీ కుక్రీల మీద ముద్రలుంటాయి. అక్షరాల లోతు, అరుగుదల అలుగు అరుగుదలతో కలవాలి. కత్తి అరిగి ముద్ర మాత్రం నిన్న కొట్టినంత పదునుగా ఉంటే అనుమానించండి. క్రిస్‌కు వంపులు ఎప్పుడూ బేసి సంఖ్యలో ఉంటాయి. సరిసంఖ్య వస్తే లెక్క మళ్లీ చూడండి, అప్పటికీ సరిసంఖ్యే అయితే కొనకండి. తిన్నని అలుగు క్రిస్‌లు కూడా ఉంటాయని మాత్రం మరచిపోవద్దు. కర్ణాటకలోని కొడగు ప్రాంతపు కొడవులు నడుముకు కట్టుకునే పీచెకత్తులు కొన్ని వచ్చాయి. చిలక ముక్కు పిడి, ఒరకు వేలాడే గొలుసులు. ఒక దాని గొలుసుకు చిన్న పట్టకారు కూడా చెక్కుచెదరకుండా ఉంది. అది చూడటానికైనా రండి.

అమెరికా, గల్ఫ్ నుంచి రాసేవారికి: వందేళ్లు దాటిన వస్తువును మేం బయటి దేశానికి పంపలేం. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయడం నేరం. ‘పాత సామాన్లు’ అని రాసి పార్సిల్ పెట్టమని అడిగితే నన్ను ఇబ్బంది పెట్టినట్టే. కొత్త పని పంపగలం, అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం అవసరమైతే పురావస్తు శాఖ నుంచి తీసుకున్నాకే. ఇక్కడ కొనేవారు కూడా తొమ్మిది అంగుళాలు దాటిన అలుగుల విషయంలో ఆయుధాల చట్టం మీ జిల్లాలో ఎలా అమలవుతుందో పోలీసు స్టేషన్‌లో అడిగి తెలుసుకుని రండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

ధరల విషయానికొస్తే, కొత్త పనికి ‘కొత్త పని’ అనే చీటీ పడుతుంది కాబట్టి వాటి ధర బాగా తగ్గింది. పనివాడి ఊరు చెబుతాం, అతను ఒప్పుకుంటే పేరు కూడా. నిగ్గు తేలిన పాత వస్తువుల ధర కొంత పెరిగింది. పరీక్షకు, ఫొటోలకు, రికార్డుకు పట్టే సమయం అందులో కలిపాం. చీటీ మీద మేం రాసింది తప్పని తెలిసినవాళ్లెవరైనా ఆధారంతో చూపిస్తే, ఎన్నేళ్లయినా పూర్తి డబ్బు వెనక్కిస్తాం.

ఎక్కడ కొన్నదైనా సరే, మీ దగ్గరున్న కత్తి చూపించుకోవాలంటే శనివారాలు తీసుకురండి, రుసుము లేదు. శుభ్రం చేయకుండా, ఉన్నదున్నట్టు తేండి. పదకొండు, మూడు గంటల మధ్య అయితే వాకిట్లో ఎండ ఉంటుంది. ట్యూబ్‌లైటు కింద జౌహర్ సరిగా కనిపించదు. అలుగుకు గుడ్డ చుట్టి సంచిలో పెట్టి తీసుకురండి, బస్సులో చేత్తో పట్టుకుని రావద్దు.