ఆ గుంటడి తలనొప్పి తగ్గిందా?

చిరంజీవి చిన్నాకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మకి మోకాలి నొప్పి కాస్త నెమ్మదించింది, అప్పుడే మేడ ఎక్కుతోంది, వద్దన్నా వినదు. మూడు రోజులుగా ముసురు, బట్టలు ఆరడం లేదు. బుజ్జి పరీక్షలు అయిపోయాయి. నువ్వు ఫోన్ ఎత్తి పదకొండు రోజులైంది. పనిలో ఉంటాడులే అని అమ్మకి సర్దిచెబుతున్నాను. ఎత్తినా మూడు ముక్కలు మాట్లాడి పెట్టేస్తావు, అందుకే కాగితం పట్టుకున్నాను.

చిన్నత్త మరిది కొడుకు మొన్న కాకినాడ నుంచి వచ్చాడు. నీ బాక్సింగ్ క్లబ్బు చూశాడట. పిల్లలు ఇరవై మంది దాకా వస్తున్నారనీ, ఐదున్నర కాకుండానే గేటు దగ్గర నిలబడుతున్నారనీ చెప్పాడు. అమ్మ ముఖం వెలిగిపోయింది. మాటల్లో ఇంకోటి కూడా అన్నాడు. ఆదివారం స్పారింగ్‌లో, అదే ప్రాక్టీసు పోరులో, పద్నాలుగేళ్ళ గుంటడికి గడ్డం మీద హుక్, పక్కనుంచి వచ్చే గుద్దు, తగిలి కూలబడ్డాడనీ, మంగళవారం మళ్ళీ గ్లవ్స్ కట్టుకుని రింగులో ఉన్నాడనీ. జిల్లా పోటీలు దగ్గర పడ్డాయి కదా. సరే, ఆ సంగతి తర్వాత.

నువ్వు పంపిన ఫొటోలో మధ్య పంచింగ్ బ్యాగు అడుగున పొట్టలా ఉబ్బి ఉంది. ఇసక పోశారా? పోస్తే ఇవాళే తీయించు. ఇసక రోజురోజుకీ కిందికి దిగి రాయైపోతుంది, పైభాగం డొల్లగా మిగులుతుంది. బాడీ పంచ్ కొట్టిన పిల్లాడి మణికట్టు మడతపడేది అక్కడే. పాత బట్టలు తెప్పించు. గుండీలు, జిప్పులు కోసి పారేసి, అరచేతి వెడల్పు ముక్కలు చేసి, జానెడు నిండగానే రోకలితో కూరి, మళ్ళీ జానెడు వేసి కూరాలి. బరువు చాలకపోతే చిన్న ఇసక సంచి గట్టిగా కట్టి, గుడ్డలో చుట్టి నడిమధ్యన పెట్టు, అడుగున కాదు. కొట్టేవాడి బరువులో సగం ఉంటే చాలు. నలభై కిలోల పిల్లాడికి ఇరవై కిలోల బ్యాగు.

గ్లవ్స్ కింద చేతికి చుట్టుకునే బ్యాండేజీలు ఎవరివి వాళ్ళకేనా? చెమట గుడ్డ ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోతే తామర క్లబ్బంతా పాకుతుంది. హెడ్‌గార్డ్ లోపల కూడా ప్రతిసారీ తుడిపించు. గ్లవ్స్‌లో రాత్రి న్యూస్‌పేపర్ ఉండలు చుట్టి పెట్టి, నోళ్ళు తెరిచి ఫ్యాన్ కింద ఉంచు, ఎండలో పెట్టకు, తోలు పగులుతుంది. పిల్లల చేతులకి మూడు మీటర్ల బ్యాండేజ్ సరిపోతుంది. పోటీల్లో కూడా 2.5 మీటర్లకి తగ్గకుండా, 4.5 మించకుండా ఉంటే చాలు. కట్టేటప్పుడు వేళ్ళు బాగా విప్పి ఉంచమను. బొటనవేలికి ముడి, మణికట్టుకి మూడు చుట్లు, పిడికిలి ఎముకల మీద మూడు చుట్లు, వేళ్ళ సందుల్లోంచి ఒక్కో చుట్టు, మళ్ళీ మణికట్టు దగ్గర ఆఖరు. పిడికిలి మూస్తే బిగుసుకోవాలి, తెరిస్తే వదులవ్వాలి. గోళ్ళు నీలంగా మారాయంటే విప్పి మళ్ళీ కట్టించు.

ఇంతకీ ఆ గుంటడికి దెబ్బ తగిలినప్పుడు నోట్లో గమ్‌షీల్డ్ ఉందా? వాడిదేనా, ఇంకొకడిది అరువు తెచ్చుకున్నాడా? వేడినీళ్ళలో ముంచి, వాడి పళ్ళకే అచ్చు పడేలా కొరికించినదైతేనే ఊడకుండా ఉంటుంది. నోరు తెరుచుకుని దెబ్బ తింటే దవడ మొత్తం కదులుతుంది. ఎదుటివాడు ఎంత బరువు, ఎన్నేళ్ళ నుంచి ఆడుతున్నాడు? పోటీ దగ్గరకొచ్చిందని పెద్దవాళ్ళతో జత కట్టించారా? స్పారింగ్‌కి పద్నాలుగు, పదహారు ఔన్సుల గ్లవ్స్ వేయించావా, బౌట్‌కి, అంటే అసలు పోటీకి వాడే పది ఔన్సులతోనే కానిచ్చావా? హెడ్‌గార్డ్ ఉంది కదా నాన్నా అంటావు. హెడ్‌గార్డ్ కనుబొమ్మ చిట్లకుండా కాపాడుతుంది. తల గిర్రున తిరిగినప్పుడు లోపల మెదడు కదలకుండా ఆపలేదు.

జాలరిపేట తాత మనవడి సంగతి నీకు చెప్పానో లేదో. అప్పుడు నువ్వు ఎల్‌కేజీ. పదిహేనేళ్ళవాడు, ఎడమచేతి వాటం, సన్నగా చువ్వలా ఉండేవాడు. పొద్దున్నే వలలు దులిపి, ఒంటికి చేపల వాసనతోనే క్లబ్బుకి పరిగెత్తుకొచ్చేవాడు. అందరికంటే ముందొచ్చి రింగు ఊడ్చేవాడు. ఒక శనివారం స్పారింగ్‌లో చెవి పక్కన హుక్ తగిలింది. పడలేదు. ఒక్క క్షణం మోకాళ్ళు వంగాయి, వెంటనే నవ్వేశాడు. నవ్వాడు కదా అని అందరూ ఊరుకున్నారు. ఆదివారం సెలవు. సోమవారం వచ్చాడు, స్కిప్పింగ్ చేశాడు, కాకపోతే తాడు నాలుగైదుసార్లు కాలికి తగులుకుంది. నిద్ర చాలలేదేమో అనుకున్నారు. తర్వాత బెంచీ మీద కూర్చుని బ్యాండేజ్ కట్టుకుంటున్నాడు. ఎడమ చేతికి కట్టడం పూర్తిచేశాడు. రెండో బ్యాండేజ్ తీశాడు. దాన్ని కూడా ఎడమ చేతికే, కట్టిన దాని మీదే చుట్టడం మొదలుపెట్టాడు. కుడి చెయ్యి ఖాళీగా తొడ మీద ఉంది. మూడు చుట్లు చుట్టేదాకా వాడికి తెలియలేదు.

అది చూసింది పెద్ద కోచ్ గారు. ఒక్క మాట అనలేదు. పక్కన కూర్చుని రెండు బ్యాండేజీలూ విప్పి, చుట్టచుట్టి తన జేబులో పెట్టుకున్నారు. ఇవాళ ఏ వారం అని అడిగారు. శనివారం అన్నాడు. పొద్దున్న ఏం తిన్నావంటే, ఏం తిన్నా కక్కేస్తున్నానండీ అన్నాడు. రెండు రోజులుగా వాంతులు, తలపోటు. చెబితే పోటీకి తీసుకెళ్ళరని ఇంట్లో కూడా దాచాడు. అప్పటికప్పుడు వాడి తాతని పిలిపించి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అదృష్టం, లోపల రక్తం గడ్డకట్టలేదు. ఆ నెలంతా గ్లవ్స్ ముట్టనివ్వలేదు. క్లబ్బుకి మాత్రం రమ్మన్నారు, స్టాప్‌వాచ్ చేతికిచ్చారు. రౌండు రౌండుకీ ‘టైమ్’ అని అరిచేది వాడే. ఆ సంవత్సరం పోటీ పోయింది. మరుసటి ఏడు ఆడాడు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, హార్బర్‌లో పని, మొన్న పండక్కి ఇంటికి రొయ్యలు పంపాడు.

మొదటి దెబ్బతో నలిగిన మెదడు మానకముందే ఇంకోటి తగిలితే, అది చిన్నదైనా సరే, ఒక్కసారిగా వాచిపోవచ్చు. అలా ప్రాణం పోవడం కూడా ఉంది, అందులోనూ చిన్న వయసువాళ్ళకే ముప్పు ఎక్కువ. అందుకే తలదెబ్బలకి బౌట్ ఆగితే కనీసం 30 రోజులు బౌట్ లేదు, స్పారింగ్ లేదు. నిమిషం లోపు స్పృహ తప్పితే 90, నిమిషం దాటితే 180. క్లబ్బులో తగిలిన దెబ్బ పోటీల్లో డాక్టరు రాసే మెడికల్ బుక్కులో ఎక్కదు, కాబట్టి ఆ లెక్క నువ్వే రాసుకోవాలి. ఒక నోటు పుస్తకం పెట్టు. తేదీ, ఎవరితో ఎవరు, ఎన్ని రౌండ్లు, ఎవరికి గట్టిగా తగిలింది, మర్నాడు ఎలా ఉన్నాడు. అడిగితే పిల్లలు బాగానే ఉందంటారు. వాళ్ళ కాళ్ళు చూడు, మాట తడబడుతోందేమో విను, వాళ్ళమ్మకి ఫోన్ చేసి అడుగు. వాంతి, మగత, ఒక కంటిపాప పెద్దదవడం, అడిగిందే అడగడం, వీటిలో ఏది కనపడినా ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపు, తెల్లారేదాకా ఆగకు.

తగ్గాక కూడా మెట్టు మెట్టుగా. ముందు నడక. తలనొప్పి రాకపోతే మర్నాడు మెల్లగా పరుగు. తర్వాత షాడో (ఎదుట ఎవరూ లేకుండా గాలిలో గుద్దడం), స్కిప్పింగ్. తర్వాత బ్యాగు, నువ్వు చేతికి తొడుక్కుని పట్టే ప్యాడ్లు. ఏ మెట్టులో నొప్పి వచ్చినా ఒక మెట్టు దిగాలి. డాక్టరు కాగితం చూశాకే స్పారింగ్, అదీ ఆ 30 రోజులు గడిచాక. చెప్పకూడదనుకుంటూనే క్లాసు పీకుతున్నాను, తెలుసు. కానీ వినాలి.

జిల్లా పోటీ పోతే పోనీ. బాక్సర్ నిఖత్ జరీన్ నిజామాబాద్ నుంచి 2009లో మన విశాఖలోని సాయ్ (కేంద్ర ప్రభుత్వ క్రీడా శిక్షణ సంస్థ)కి, కోచ్ ఐ.వి. రావు గారి దగ్గరికి వచ్చినప్పుడు నీ గుంటడి ఈడుదే. 2011లో జూనియర్లలో ప్రపంచ విజేత అయింది. పెద్దల్లో అయ్యేసరికి 2022. మధ్యలో 2017లో భుజం దెబ్బకి ఆట ఆపాల్సి వచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్లాడికి ఒక నెల ఏపాటి?

పోటీకి బరువు తగ్గించడం కోసం ఎవరికైనా నీళ్ళు మానిపిస్తున్నావా? అది మాత్రం వద్దు. ఎదిగే పిల్లాడు పై బరువు కేటగిరీకి వెళ్తే వెళ్ళనీ. నీళ్ళు ఎండిన ఒంటితో దెబ్బలు తినడం మంచిది కాదు. నువ్వు కూడా మధ్యాహ్నం టీ బన్నుతో సరిపెడుతున్నావని విన్నాం. అమ్మ మాగాయ, కందిపొడి కట్టింది. పెరుగు బయట కొనకు, గిన్నెలో తోడు వేసుకో. దోమతెర చిరిగితే కుట్టించుకో.

ఆ గుంటడు రాత్రి నిద్రపోతున్నాడో లేదో, అన్నం ఇముడుతోందో లేదో వాళ్ళమ్మని అడిగి రాయి. ఫోన్ చేసినా సరే. ఎలాగూ ఆదివారం పొద్దున్నే సామర్లకోటలో దిగి బస్సెక్కి వస్తున్నాను. పాత స్టాప్‌వాచ్‌కి కొత్త సెల్లు వేయించాను, తెస్తాను. స్పారింగ్ జరుగుతున్నంతసేపూ వాడి చేతికిద్దువుగాని.

మీ నాన్న