కరెంటు లెక్కలో నాది తప్పు, మీ డబ్బు మీకు తిరిగి ఇస్తున్నాను

అనంతపురంలో మా మూడు ఇళ్లలో బాడుగకు ఉంటున్న ఏడు కుటుంబాలకూ ఇది రాస్తున్నాను. ముఖ్యంగా రుద్రంపేట ఇంట్లో ఉన్న మూడు పోర్షన్లవాళ్లకు. మిగతా నాలుగు పోర్షన్లకు ముందు నుంచీ ఎవరి మీటరు వాళ్లకుంది, కానీ అడ్వాన్సు సంగతి, నీళ్ల సంగతి అందరికీ వర్తిస్తాయి కాబట్టి పూర్తిగా చదవండి.

రెండు నెలల కింద రుద్రంపేట ఇంట్లో కింద పోర్షన్ అక్క నన్నొక మాట అడిగింది. "అన్నా, సబ్‌మీటరు చూసి యూనిట్‌కు పది రూపాయలు తీసుకుంటున్నావు కదా, అసలు బిల్లు ఒకసారి చూపిస్తావా?" తెస్తాలే అక్కా అన్నాను, తేలేదు. మళ్లీ అడిగింది, మళ్లీ దాటవేశాను. ఆ రాత్రి బిల్లులన్నీ ముందేసుకుని లెక్క కట్టాక, ఈ సంగతి ఆమెకొక్కదానికే కాదు, అందరికీ చెప్పాల్సిందే అనిపించింది.

లెక్క ఇది. ఒక్కో పోర్షన్ నెలకు సుమారు 110 యూనిట్లు వాడుతుంది. సబ్‌మీటరు అంటే ఎవరి వాడకం ఎంతో చూసుకోవడానికి పోర్షన్‌కొకటి పెట్టిన లెక్క మీటరు. కరెంటాఫీసు మీటరు మాత్రం ముగ్గురికీ కలిపి ఒకటే కావడంతో బిల్లులో 330 యూనిట్లు పడతాయి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన స్లాబుల (వాడకం పెరిగేకొద్దీ రేటు పెరిగే మెట్లు) ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆపైన 400 దాకా 8.75. ఈ రేట్లతో 330 యూనిట్లకు 1,936 రూపాయలవుతుంది. అదే 110 యూనిట్ల చొప్పున మూడు వేరు వేరు మీటర్లయితే ఒక్కొక్కరికి 349.50, ముగ్గురికీ కలిపి 1,049 లోపే. మోటారు, మెట్ల లైటు లెక్క పక్కన పెట్టి చెబుతున్నాను. అంటే ఒకే మీటరు ఉన్నందుకే నెలకు 887 రూపాయలు ఊరికే పోతోంది. తక్కువ వాడే ఇల్లు కూడా పక్కింటివాళ్ల యూనిట్లతో కలిసి పై స్లాబులోకి వెళ్లిపోతోంది. ఫ్యాను, రెండు లైట్లు, కుట్టు మిషన్ తప్ప ఇంకేమీ లేని ఇంటికి 8.75 రేటు పడడం న్యాయం కాదు.

ఇంతవరకూ మీటరు తప్పు. ఇక్కడి నుంచి నా తప్పు. స్థిర ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు అన్నీ కలిపినా నాకు వచ్చే బిల్లు 2,300 దాటలేదు, నేను మీ దగ్గర తీసుకున్నది 3,300. నెలకు వెయ్యి రూపాయలు నా దగ్గరే మిగిలాయి.

ఎందుకు తీసుకున్నానో కూడా చెప్పాలి. ఆ ఇల్లు 2021లో 22 లక్షల బ్యాంకు లోనుతో కొన్నాను. అప్పుడు వడ్డీ 6.9 శాతం, ఇరవై ఏళ్లకు నెల కంతు 16,900. మూడు పోర్షన్ల బాడుగ కలిపితే 19,500 వస్తుంది, కంతు పోగా మిగిలిన దాంతో ఇంటి పన్ను, రిపేర్లు వెళ్లిపోతాయి అనుకున్నాను. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తాను అప్పిచ్చే వడ్డీని, 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. నా లోను రెపోకు ముడిపడినది, కాబట్టి కంతు 20,100 దగ్గరికి చేరింది. బాడుగ కంటే కంతే ఎక్కువైపోయింది. అప్పటికి పోర్షన్లలో చేరి ఏడాది కూడా కానివాళ్లను బాడుగ పెంచమని అడగడానికి నాకు నోరు రాలేదు. అడగకుండా సబ్‌మీటరు రేటును ఏడు నుంచి పదికి మార్చాను. కరెంటు రేట్లు పెరిగాయని చెప్పాను, మీరు నమ్మారు. వడ్డీ పెరిగితే ఆ బరువు మోయాల్సింది ఇల్లు కొన్న నేను. బాడుగ పెంచాల్సి వస్తే పెంచుతానని ఎదురుగా చెప్పాలి, ఇష్టం లేనివాళ్లు వేరే ఇల్లు చూసుకునే వీలుండాలి. మీకు తెలియకుండా తీసుకోవడం మాత్రం తప్పు. దీనికి నేను మనస్ఫూర్తిగా క్షమాపణ అడుగుతున్నాను.

గడిచిన 24 నెలల బిల్లులు, నా రీడింగ్ పుస్తకం రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. పోర్షన్‌కు సుమారు 8,000 రూపాయలు వస్తోంది. ఒకేసారి ఇచ్చే స్తోమత ఇప్పుడు నాకు లేదు, కాబట్టి వచ్చే నెల నుంచి ఎనిమిది నెలలపాటు బాడుగలో వెయ్యి తగ్గించి ఇవ్వండి. ఈలోగా ఖాళీ చేసేవాళ్లకు మిగిలిన మొత్తం అడ్వాన్సుతో పాటే ఇచ్చేస్తాను. పోయిన ఏడాది ఖాళీ చేసి బెంగళూరు వెళ్లిన మిద్దె మీద పోర్షన్ కుటుంబానికి కూడా ఫోన్ చేశాను, వాళ్ల వాటా వాళ్లకు పంపుతాను.

మూడు పోర్షన్లకూ విడి మీటర్లకు అప్లికేషన్ పెట్టాను. వంటగది, వాకిలి ఎవరివి వాళ్లకే ఉన్నాయి. వైరింగ్ విడదీయించే ఖర్చు, డిపాజిట్టు మొత్తం నాదే. మీటర్లు వచ్చేదాకా బిల్లు ఫోటో అందరికీ పంపి, ఆ నెల బిల్లును యూనిట్లతో భాగించి ఎంతైతే అంతే తీసుకుంటాను.

బాడుగ ఇప్పుడు పెంచడం లేదు. 2025లో రెపో 6.5 నుంచి 5.25కు దిగడంతో నా కంతు కూడా 18 వేల చిల్లరకు వచ్చింది, కాబట్టి ఊపిరాడుతోంది. కానీ ఎప్పటికీ పెంచనని మాట ఇవ్వలేను. 2021 నుంచి మన రాష్ట్రంలో ఇంటి పన్నును ఇంటి విలువ మీద లెక్కగడుతున్నారు, ఏడాదికి 15 శాతం మించి పెరగకూడదనే పరిమితి ఉన్నా ఏటా కొంత పెరుగుతూనే ఉంది. పెంచే ముందు మూడు నెలల ముందే చెబుతాను, 11 నెలల అగ్రిమెంటు మధ్యలో పెంచను.

అడ్వాన్సు గురించి. కొందరి దగ్గర మూడు నెలల బాడుగ, చదువుకునే పిల్లల దగ్గర నాలుగు నెలలది కూడా తీసుకున్నాను. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఇళ్లకు రెండు నెలలకు మించకూడదని ఉంది. అది రాష్ట్రాలు ఒప్పుకుంటేనే అమలవుతుంది, అయినా ఆ మాట నాకు సబబుగా తోచింది. ఇకపై నాకూ రెండు నెలలే. ఎక్కువ తీసుకున్నది దీపావళి లోపు తిరిగి ఇస్తాను. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల బాడుగ పట్టుకునే పద్ధతి కూడా మానేస్తున్నాను. రెండేళ్లు కాపురమున్న ఇంటి గోడకు మరకలు పడతాయి, రంగు వేయించడం ఇంటివాడి పని. తలుపులు, కుళాయిలు విరగ్గొడితే మాత్రం ఆ ఖర్చు మీదే.

నీళ్లు. టు-లెట్ బోర్డు మీద "24 గంటల నీళ్లు" అని రాసింది తీసేశాను. మన అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో ఏ బోరు నమ్మకంగా ఉంటుంది చెప్పండి. పోయిన ఎండాకాలం రామ్‌నగర్ ఇంట్లో బోరు పది రోజులు గాలి తప్ప ఏమీ ఇవ్వలేదు, పసిబిడ్డ ఉన్న ఇంట్లోవాళ్లు బిందెలతో పక్క వీధి నుంచి తెచ్చుకున్నారు, అది నేను మరిచిపోలేదు. అక్కడి సంపును పది వేల లీటర్లకు పెంచుతున్నాను, మున్సిపల్ నీళ్లు వచ్చిన రోజు నిండుగా పట్టుకోవచ్చు. వానాకాలం లోపల మిద్దె నీళ్లు పోవడానికి బోరు పక్కన ఇంకుడు గుంత తవ్విస్తాను. ట్యాంకరు తెప్పించాల్సి వస్తే సగం నేను పెట్టుకుంటాను.

నేను ఇంకో ఇల్లు కొంటున్నానని కొందరు విన్నారు. కొనడం లేదు. బైపాస్ దగ్గర రెండు పోర్షన్ల ఇల్లు 38 లక్షలకు చూసి, ఫోన్‌లో సరేనని కూడా అన్నాను. ఈసీ (ఆస్తి మీద అప్పులు, తాకట్లు ఉన్నాయో లేవో చెప్పే పత్రం) తీయించాను, లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఇల్లు ఇదివరకు చేతులు మారిన పత్రాలు, తెలిసినవాళ్లకు చూపించాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రిజిస్ట్రేషన్‌కే 7.5 శాతం, అంటే 2.85 లక్షలు. రెండు పోర్షన్లకూ కలిపి వచ్చే బాడుగ నెలకు 12,000, ఏడాదికి 1.44 లక్షలు, పెట్టుబడి మీద నాలుగు శాతం కూడా కాదు. లోను వడ్డీ దానికి రెట్టింపు. ఆ లోటు మళ్లీ ఎవరి దగ్గర తీయాలి? చేతిలో ఉన్న డబ్బుతో ముందు మీటర్లు, సంపు, రామ్‌నగర్ ఇంట్లో కారుతున్న మిద్దె చూసుకుంటాను.

ఈ ఆదివారం ఉదయం పది గంటలకు రుద్రంపేట ఇంటికి వస్తాను. రెండేళ్ల బిల్లులు, రీడింగ్ పుస్తకం తెస్తాను. మీ దగ్గర నాకిచ్చిన డబ్బు రాసుకున్న చీటీలుంటే తీసి పెట్టుకోండి, ఫోన్‌లో కొట్టిన డబ్బు వివరాలైనా సరే. నా లెక్కకూ మీ లెక్కకూ తేడా వస్తే మీ చీటీనే ఖాయం చేసుకుందాం. కింద పోర్షన్ అక్కా, ముందు నీ లెక్కతోనే మొదలుపెడతాను.