అధ్యాపక శిక్షణ నిధి: క్రోధి ఉగాది నుంచి నేటివరకు జమా ఖర్చుల వివరణ

దాతలకు, సభ్యులకు, స్టాల్ దగ్గర ఎండలో నిలబడి వడ్డించిన వారికి, పిల్లల కచేరీకి టిక్కెట్లు కొన్న వారికి కార్యవర్గం తరఫున నమస్కారం. మన ఊరి కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ళు చదివి యూనివర్సిటీకి బదిలీ కాగల ప్రభుత్వ కాలేజీ) టీచర్ల శిక్షణ కోసం కాలిఫోర్నియాలోని మన తెలుగు సంఘం 2024 ఏప్రిల్ 9న క్రోధి నామ ఉగాది వేదిక మీద ప్రకటించిన నిధికి ఎంత సొమ్ము చేరింది, అది ఎటు పోయింది అన్న లెక్కను విశ్వావసు ఉగాది సభలో చదివి వినిపించాలని మొదట అనుకున్నాం. అయితే సొమ్ము టీచర్లకు అందలేదంటూ నవంబరు నుంచి వాట్సాప్ గ్రూపులో నడుస్తున్న చర్చ చూశాక అంతవరకు ఆగడం మర్యాద కాదనిపించి, ఈ వివరణను ముందే మీ ముందు ఉంచుతున్నాం.

జమ వైపు దాచేదీ లేదు, విడమరచి చెప్పవలసినదీ పెద్దగా లేదు. 84 కుటుంబాలు ఇచ్చిన విరాళాలు 14,275 డాలర్లు, ఉగాది నాటి భోజన స్టాల్ మీద వసూలైనది 3,860, పిల్లల సంగీత కచేరీ టిక్కెట్ల మీద వచ్చినది 2,140, సభ్యుల విరాళాలకు వారి కంపెనీలు జత కలిపిన మ్యాచింగ్ సొమ్ము 4,150. వెరసి 24,425 డాలర్లు. పేరు బయట పెట్టవద్దని కోరిన దాతలు కొందరు ఉన్నారు కనుక జాబితా ప్రచురించడం లేదు. ఎవరి రసీదు వారికి ఈమెయిల్‌లో పంపాం.

చిల్లర ఖర్చులు కూడా త్వరగానే ముగించవచ్చు. స్టాల్ సరుకులకు, పేపరు ప్లేట్లకు, కౌంటీ ఆరోగ్య శాఖ అనుమతికి కలిపి 1,310 డాలర్లు అయ్యాయి. అనుమతి రుసుము దండగని ఒకరిద్దరు అన్నారు గానీ, అది లేకపోతే ఇక్కడ పులిహోర గిన్నె కూడా బల్ల మీద పెట్టనివ్వరు. కచేరీ హాలు అద్దె, బీమా, మైకు సెట్టు కలిపి 1,265. కార్డుల మీద చెల్లించిన వారి వల్ల పడిన రుసుములు 187. వీటి గురించి ఎవరూ అడగలేదు, అడగవలసినదీ లేదు.

అడుగుతున్నది ఆ తరువాతి పద్దు గురించి. మన ఊరి కమ్యూనిటీ కాలేజీకి అనుబంధంగా ఉండి, దాని విరాళాలు చూసుకునే ఫౌండేషన్‌కు జులై నెలాఖరున మేము ఇచ్చిన 19,000 డాలర్ల చెక్కు అది. ఆగస్టు లెక్కలో దాన్ని ‘ఖర్చు’ కింద చూపించాం. నవంబరులో ఒక సభ్యుని కుమారుడు తన స్టాటిస్టిక్స్ టీచరు నోట విన్న మాట ఇంట్లో చెప్పాడు. శిక్షణకు వెళ్ళిన గంటలకు ఇస్తామన్న సొమ్ము ఆమెకు ఇంకా అందలేదట. ఆ మాట ఆ రాత్రికే గ్రూపులోకి ఎక్కింది, తెల్లవారేసరికి ‘కంచే చేను మేసింది’ అన్నంత దూరం పోయింది. ఆ సామెత వాడినవారిని మేము తప్పు పట్టడం లేదు. కాకపోతే ఫోన్ చేసి అడిగి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంటు ఆ పూటే చూపించేవాళ్ళం.

జరిగినది ఇది. చెక్కు ఆగస్టు మొదటి వారంలో మన ఖాతా నుంచి దిగిపోయింది, కనుక మన పుస్తకంలో అది ఖర్చే. ఫౌండేషన్ తన నిబంధన ప్రకారం నిర్వహణ రుసుము నూటికి అయిదు చొప్పున 950 డాలర్లు మినహాయించుకోగా 18,050 మిగిలింది. ఆ సొమ్ములోంచి అధ్యాపకులకు గౌరవ వేతనం నేరుగా ఇచ్చే వీలు ఫౌండేషన్‌కు లేదు, ఎందుకంటే వారు కాలేజీ జిల్లా (కమ్యూనిటీ కాలేజీలను నడిపే స్థానిక ప్రభుత్వ సంస్థ) ఉద్యోగులు, వారు పనిచేసిన ప్రతి గంటకూ జీతం జిల్లా పేరోల్ ద్వారా, పన్నులు కోత పడి, రావలసిందే. అందుకు ముందుగా జిల్లా ధర్మకర్తల మండలి మన విరాళాన్ని షరతులతో సహా స్వీకరిస్తున్నట్టు సమావేశంలో తీర్మానించాలి. ఆగస్టు సమావేశపు ఎజెండా అప్పటికే మూసేశారు. సెప్టెంబరు సమావేశంలో తీర్మానం అయింది. తరువాత గంటల పట్టికలు మానవ వనరుల విభాగానికి వెళ్ళి, అందులో ఖర్చు పద్దు సంఖ్య వేయలేదని వెనక్కి వచ్చి, తిరిగి వెళ్ళాయి. పార్ట్‌టైమ్ వారికి జీతాలు నెలకు ఒక్కసారే ఇస్తారు కనుక, ప్రతి ఆలస్యమూ ఒక నెలను మింగింది. చివరకు డిసెంబరు జీతంతో శిక్షణకు వచ్చిన పన్నెండు మంది టీచర్లకూ అందింది. చెల్లింపు పూర్తయినట్టు ఫౌండేషన్ ఇచ్చిన లేఖ మా దగ్గర ఉంది. ఈ మధ్యకాలంలో సొమ్ము ఒక్క రోజు కూడా కార్యవర్గ సభ్యుల చేతిలో గానీ మన ఖాతాలో గానీ లేదు.

టీచర్లకు మనమే జెల్ అనే ఫోన్ చెల్లింపు ద్వారా పంపించేస్తే పని అయిపోయేది కదా అని కొందరు సూచించారు. మన సంఘం 501(సి)(3) కింద, అంటే పన్ను మినహాయింపు ఉన్న ధార్మిక సంస్థగా నమోదైనది. ఒక ప్రభుత్వ కాలేజీ ఉద్యోగులకు, వారి ఉద్యోగానికి సంబంధించిన పనికి, ఆ కాలేజీకి తెలియకుండా ప్రైవేటుగా డబ్బు పంపితే రేపు ఆదాయపు పన్ను వారికి, ఎల్లుండి మ్యాచింగ్ ఇచ్చిన కంపెనీలకు సమాధానం చెప్పుకోవలసినది సంతకాలు చేసిన మేమే. ఆలస్యమైనా ఆ దారే సరైనదని అప్పుడూ అనుకున్నాం, ఇప్పుడూ అనుకుంటున్నాం.

ఇక అసలు ప్రశ్న. మన పిల్లలకు స్కాలర్‌షిప్ ఇవ్వక, ముక్కూ మొహం తెలియని టీచర్లకు ఎందుకు ఇచ్చారు? దీనికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ఇదివరకు చేరిన రోజునే స్థాయి తేల్చే పరీక్ష పెట్టి, అందులో తక్కువ వచ్చిన వారిని కాలేజీ స్థాయికి రెండు మూడు మెట్లు కింద ఉన్న గణితం, ఇంగ్లీషు తరగతుల్లో కూర్చోబెట్టేవారు. వాటి యూనిట్లు (చదువుకు లెక్కకట్టే క్రెడిట్లు) యూనివర్సిటీ బదిలీకి పనికి రావు. మెట్టుకు నూటికి డెబ్భై మంది చొప్పున దాటతారనుకున్నా, మూడు మెట్లు ఎక్కేసరికి మిగిలేది ముప్పై నాలుగు మంది. 2017లో ఆమోదించిన ఏబీ (అసెంబ్లీ బిల్లు) 705 చట్టం ఈ పద్ధతిని తిరగవేసింది. హైస్కూలు మార్కులను చూసి, వీలైనంతమందిని తొలి ఏడాదిలోనే బదిలీ స్థాయి గణితం, ఇంగ్లీషు పూర్తి చేసేలా చేర్చుకోవాలని చెప్పి, 2019 శరదృతు సెమిస్టరుకల్లా అమలు చేయమంది. 2022లో వచ్చిన ఏబీ 1705 దాన్ని ఇంకా బిగించింది. చట్టం మంచిదా కాదా అన్న వాదన గణిత అధ్యాపకుల్లోనే ఈనాటికీ తెగలేదు. మనకు కావలసిన సంగతి ఒక్కటే. ఆల్‌జీబ్రాలో తడబడే పిల్లవాడూ, హైస్కూల్లో కాలిక్యులస్ చదివి వచ్చిన పిల్లా ఇప్పుడు ఒకే స్టాటిస్టిక్స్ తరగతిలో పక్కపక్కన కూర్చుంటున్నారు, దానికి తోడుగా నడిచే సహాయక తరగతిని ఎలా నడపాలో టీచరు కొత్తగా నేర్చుకోవాలి.

ఆ టీచరు ఎవరు? దేశం మొత్తం మీద కమ్యూనిటీ కాలేజీ అధ్యాపకుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది పార్ట్‌టైమ్ వారే. కాలిఫోర్నియా చట్టం ప్రకారం పార్ట్‌టైమ్ వారు ఒక జిల్లాలో పూర్తికాలపు భారంలో 67 శాతానికి మించి బోధించకూడదు, కనుక ఇల్లు గడవాలంటే రెండు మూడు జిల్లాల మధ్య కారు నడుపుతూ ఉండాలి. జీతం తరగతికి ఇంత అని ఇస్తారు. శిక్షణకు వచ్చి కూర్చునే గంటలకు చాలాచోట్ల ఏమీ ఉండదు, ఉన్నా నామమాత్రం. కాలేజీ శిక్షణ పెడుతుంది, దానికి పూర్తికాలపు వారు వస్తారు, తొలి ఏడాది తరగతులు ఎక్కువగా చెప్పే పార్ట్‌టైమ్ వారు ఫ్రీవే మీద ఉంటారు. మన నిధి ఈ ఖాళీలో పడాలన్నది కార్యవర్గం ఏకగ్రీవంగా తీసుకున్న నిర్ణయం. మినిట్స్ పుస్తకంలో ఉంది.

ఆగస్టులో సెమిస్టరు మొదలయ్యే ముందు వారంలో నాలుగు రోజులు, రోజుకు ఆరు గంటలు శిక్షణ జరిగింది. గంటకు 40 డాలర్ల చొప్పున మనిషికి 960. పదిహేను మందిని అనుకున్నాం. చివరి నిమిషంలో చేరికలు చాలక తరగతులు రద్దై ముగ్గురు తప్పుకున్నారు, పన్నెండు మందికి 11,520 అయింది. శిక్షణ ఇచ్చిన ఇద్దరు అనుభవజ్ఞులైన అధ్యాపకులకు 2,400. ఆ ముగ్గురి వాటా 2,880 డాలర్లను, 18,050లో మొదట అనుకున్న ఖర్చులు పోగా మిగిలిన 1,250తో కలిపి, అందులో 4,000ను పుస్తకాలు కొనలేని నలభై మంది విద్యార్థులకు తలా వంద డాలర్ల పుస్తకాల కూపన్లుగా ఫౌండేషన్ ద్వారానే ఇచ్చాం. 130 డాలర్లు ఫౌండేషన్ దగ్గర మన పేరున ఉన్నాయి. కనుక విద్యార్థులకు ఒక్క పైసా ముట్టలేదన్న మాట నిజం కాదు.

నాలుగు రోజులూ కబుర్లు చెప్పుకున్నారన్న మాట కూడా విన్నాం. రెండో రోజు కార్యవర్గం నుంచి ఇద్దరం వెనుక వరుసలో కూర్చున్నాం. పాత సెమిస్టరు స్టాటిస్టిక్స్ జవాబు పత్రాలు, పేర్లు చెరిపేసినవి, బల్ల మీద పరిచి, ఒక్కొక్క పత్రంలో విద్యార్థి పెన్ను ఎక్కడ ఆగిందో అక్కడ ఎర్ర చుక్క పెట్టమన్నారు. స్టాండర్డ్ డీవియేషన్ లెక్క దగ్గర ఆగి ఉంటుందని అందరూ అనుకున్నారు. చుక్కల్లో ఎక్కువ భాగం ప్రశ్న మొదట్లో ఉన్న ఏడు వాక్యాల బస్సు సమయాల పేరా పక్కనే పడ్డాయి. లెక్క రాక కాదు, ఏం లెక్క కట్టమన్నారో తేలక ఆగిపోయారు. ఆ మధ్యాహ్నమంతా వాళ్ళు ఎవరి ప్రశ్నపత్రాలు వారు తిరగరాసుకున్నారు. ఈ పని కోసం ఏ పార్ట్‌టైమ్ టీచరూ జీతం లేకుండా నాలుగు రోజులు ఇవ్వలేరు, ఇవ్వమని అడగడం న్యాయమూ కాదు.

న్యూయార్క్ ఉదాహరణ చూపిన సభ్యులకు ప్రత్యేకంగా ఒక మాట. అక్కడి సిటీ యూనివర్సిటీ 2007లో ప్రారంభించిన ఆసాప్ కార్యక్రమంలో విద్యార్థులకే ఫీజు సాయం, రవాణా కార్డులు, పుస్తకాల సాయం, దగ్గరుండి చూసుకునే సలహాదారులు ఇచ్చారనీ, మూడేళ్ళలో పట్టా పుచ్చుకున్నవారు 22 శాతం నుంచి 40 శాతానికి పెరిగారనీ వారు రాసినది నిజమే. అది దేశంలోనే గట్టి రుజువున్న పథకాల్లో ఒకటి. కానీ ఆ పథకానికి ఒక్కో విద్యార్థి మీద మూడేళ్ళలో మామూలు కంటే 16,000 డాలర్లకు పైగా అదనంగా ఖర్చయింది. మన మొత్తం జమ ఇద్దరికి చాలదు. ఒక టీచరు మాత్రం ప్రతి సెమిస్టరూ కొత్తగా రెండు మూడు తరగతుల పిల్లల ముందు నిలబడతారు.

తెలుగు పిల్లలకే అని స్కాలర్‌షిప్ పెట్టమన్న కోరికకు కూడా జవాబు చెప్పాలి. 1996లో ఓటర్లు ఆమోదించిన 209వ ప్రతిపాదన ప్రకారం ఈ రాష్ట్రంలో ప్రభుత్వ విద్యాసంస్థలు జాతిని, మూల దేశాన్ని చూసి ప్రాధాన్యం ఇవ్వరాదు. ఆ షరతుతో డబ్బు ఇస్తే కాలేజీ దాన్ని నిర్వహించలేదు. అదీగాక యూనిట్‌కు 46 డాలర్ల ఫీజుతో రెండేళ్ళు చదివి యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు) బదిలీ కావాలని చూస్తున్న మన పిల్లలూ, సాయంత్రం పూట శిశు వికాసం యూనిట్లు చదువుతున్న మన ఆడపడుచులూ ఆ తరగతుల్లోనే ఉన్నారు. ఆ టీచర్లు మనకు పరాయివారు ఎలా అవుతారో మాకు బోధపడలేదు.

ఉత్తీర్ణత ఎంత పెరిగిందని అడిగినవారికి మేము అంకె చెప్పడం లేదు. పన్నెండు మంది టీచర్లు, ఒక్క సెమిస్టరు. దాని మీద శాతాలు ప్రకటించడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. విద్యార్థుల వ్యక్తిగత వివరాలను 1974 నాటి ఫెడరల్ చట్టం కాపాడుతుంది కనుక, కాలేజీ పరిశోధన విభాగం పేర్లు లేని మొత్తాలు మాత్రమే ఇస్తుంది. వాటిని రెండు సెమిస్టర్లు గడిచాక అడిగాం.

శిక్షణ రోజుల భోజనాల ఖర్చు 618 డాలర్లు. కార్యవర్గ సభ్యుని బావమరిది హోటల్ నుంచి తెప్పించామన్నది నిజం. మూడు చోట్ల ధరలు అడిగాం, మిగతా రెండూ 790, 845 చెప్పాయి. పదహారు మందికి నాలుగు పూటలు, మనిషికి పూటకు పది డాలర్లు దాటలేదు. ధర ఎంచుకున్న సమావేశంలో ఆ సభ్యుడు ఓటు వేయలేదు. మూడు కొటేషన్లూ ఫైలులో ఉన్నాయి.

మొత్తం ఖర్చు 22,380 డాలర్లు, బ్యాంకులో నిల్వ 2,045. ఇది ఇంకొంచెం ఎక్కువ ఉండవలసింది. ఉగాది వేదిక మీద చప్పట్ల మధ్య ప్రకటించిన విరాళాలు 6,500 కాగా, అందులో 2,300 నేటికీ రాలేదు. పేర్లు రాయడం మా ఉద్దేశం కాదు, ఎవరికి వారికి తెలుసు. లెక్క గురించి గట్టిగా అడిగినవారిలో కొందరి చెక్కులు ఇంకా మాకు అందవలసి ఉందని మాత్రం చెప్పక తప్పడం లేదు. మ్యాచింగ్ ఫారాలు నింపని దాతలూ ఉన్నారు. చాలా కంపెనీల్లో వాటికి ఏడాది గడువు ఉంటుంది, ఒకసారి మీ ఆఫీసు పోర్టల్ చూసుకోండి. పది నిమిషాల పని. స్టాల్ పాత్రలు తీసుకెళ్ళి తిరిగి ఇవ్వనివారు కూడా ఈ సందర్భంలోనే తెచ్చి ఇస్తే, వచ్చే ఉగాదికి అద్దెకు తేవలసిన అవసరం ఉండదు.

రసీదులు, వోచర్లు, ఫౌండేషన్ లేఖ, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఫిబ్రవరిలో ప్రతి ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు వరకు లైబ్రరీ సమావేశ గదిలో కోశాధికారి దగ్గర ఉంటాయి. సభ్యులు ఎవరైనా వచ్చి చూడవచ్చు, ఫోటోలు తీసుకోవచ్చు. నిల్వ ఉన్న సొమ్మును వసంత సెమిస్టరులో ఇంగ్లీషు టీచర్ల శిక్షణకు ఇవ్వాలా, పుస్తకాల కూపన్లకు ఇవ్వాలా అన్నది మార్చి సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడతాం. ఓటు హక్కు ఆ తేదీకి చందా చెల్లించి ఉన్నవారికే ఉంటుంది.

ఇట్లు,
కార్యవర్గం