స్కోరింగ్ మార్పు: ఆదివారం లోపు ఓటు వేయండి

అందరికీ నమస్తే 🙏

మన ఫ్యాంటసీ బేస్‌బాల్ లీగ్ (నిజం ఆటగాళ్ల గణాంకాలతో పాయింట్లు వచ్చే ఆట) డ్రాఫ్ట్‌కి, అంటే ఆటగాళ్లను ఎంచుకోవడానికి ముందే ఇది తేల్చేద్దాం. పిచర్ల (బంతి విసిరేవాళ్ల) "విన్" పాయింట్లు, అంటే జట్టు గెలుపు పిచర్ ఖాతాలో పడితే వచ్చేవి, తీసేసి క్వాలిటీ స్టార్ట్ పెడదామంటున్నాను. అంటే కనీసం ఆరు ఇన్నింగ్స్ వేసి, ఎర్న్‌డ్ రన్స్ (ఫీల్డర్ల తప్పుల వల్ల కాకుండా వచ్చిన రన్స్) మూడు దాటనివ్వకపోతే పాయింట్లు.

ఎందుకంటే, 2018లో న్యూయార్క్ మెట్స్ జట్టు పిచర్ జేకబ్ డిగ్రామ్‌ని గుర్తు చేసుకోండి. 217 ఇన్నింగ్స్, 269 స్ట్రైకౌట్లు, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన ఎర్న్‌డ్ రన్స్) 1.70. ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డూ ఆయనకే. విన్స్ మాత్రం పదే, ఓటములు తొమ్మిది! సొంత బ్యాటర్లు రన్స్ కొట్టకపోతే పిచర్ ఏం చేస్తాడు? పోయినేడు మన ఫైనల్లోనూ అంతే: ఐదు ఇన్నింగ్స్‌లో ఐదు రన్స్ ఇచ్చినతనికి విన్ వచ్చింది, ఏడు ఇన్నింగ్స్‌లో ఒక్క రన్ ఇచ్చినతనికి రాలేదు. నాకది ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఆర్‌బీఐ (బ్యాటర్ తన ఆటతో జట్టుకి తెచ్చిన రన్స్ లెక్క) కూడా చాలావరకు ముందువాళ్లు బేస్ ఎక్కితేనే వస్తుంది. కానీ ఈ ఏడాది దాన్ని కదపొద్దు, ఒకేసారి అన్నీ మారిస్తే గందరగోళం.

పోల్ కింద ఉంది. ఆదివారం రాత్రి 9 (ఈస్టర్న్) లోపు నొక్కండి. పన్నెండు మందిలో ఎనిమిది మంది ఒప్పుకుంటేనే మార్పు. వద్దన్నవాళ్లు కారణం ఒక్క ముక్క రాయండి, తప్పకుండా చదువుతాను.

ఎంట్రీ డబ్బులు ఇంకా నలుగురు పంపాలి, మర్చిపోకండి!