పీజీ ఎకనామిక్స్ విద్యార్థుల సంఘం: సెక్రటరీ వార్షిక నివేదిక

అందరికీ నమస్కారం. జనరల్ బాడీలో చదవాలి కాబట్టి రాస్తున్నా, పని చేసిందెవరో నలుగురికీ తెలియాలని కూడా. ఫ్రెషర్స్ పార్టీ, నెట్ కోచింగ్, పాత పేపర్ల జిరాక్సులు ఎప్పట్లాగే అయ్యాయి.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవాల్సింది మాత్రం ఇండస్ట్రియల్ ఎకనామిక్స్ డేటా వర్క్‌షాపే. క్లాసులో ఈ సబ్జెక్టు పాత ఆర్థికవేత్త బెయిన్ దగ్గర మొదలెట్టి, మార్కెట్ ఎంత కొద్ది కంపెనీల చేతిలో ఉందో కొలిచే హెర్ఫిండాల్ ఇండెక్స్ దాకా వచ్చి ఆగిపోతాం, పరీక్షలో డెఫినిషన్ రాసేస్తాం, అసలు డేటా మొహం చూసినవాళ్లే తక్కువ. అందుకే ఫ్యాక్టరీల మీద ప్రభుత్వం చేసే యాన్యువల్ సర్వే ఆఫ్ ఇండస్ట్రీస్ ఫైళ్లు దింపుకుని, పరిశ్రమల వర్గీకరణ (ఎన్ఐసీ)లో 2394 కోడ్, అంటే సిమెంట్, సున్నం, ప్లాస్టర్ ఫ్యాక్టరీలు పట్టుకున్నాం. నల్గొండ, కడప వైపు వాళ్లకి తెలిసిన పరిశ్రమే, పైగా 2012లో కాంపిటీషన్ కమిషన్ (సీసీఐ) కార్టెల్ కింద, అంటే కంపెనీలు కుమ్మక్కయ్యాయని, 6,000 కోట్లు దాటిన జరిమానా వేసిందీ సిమెంట్ కంపెనీల మీదే (ట్రిబ్యునల్ కొట్టేస్తే 2016లో మళ్లీ వేసింది).

సర్వే ఫారం బ్లాకులుగా ఉంటుంది: బ్లాక్ సిలో ఆస్తులు, ఇలో కార్మికులు, హెచ్‌లో కరెంటు, బొగ్గు, జెలో ఉత్పత్తి, ఇవన్నీ ఫ్యాక్టరీ నంబరుతో కలిపేసరికే సగం మంది జారుకున్నారు. ఉన్నవాళ్లు కార్మికులు, ఆస్తులు లాంటివి ఉత్పత్తిని ఎంత పెంచుతాయో లెక్కకట్టడానికి మామూలు రిగ్రెషన్ వేశారు. అది చాలదు, ఎందుకంటే తన ఫ్యాక్టరీ ఎంత బాగా నడుస్తుందో మేనేజర్‌కి తెలుసు, దాన్ని బట్టే మనుషుల్ని పెట్టుకుంటాడు, మనకేమో అది కనపడదు, దాంతో కూలీల గుణకం, అంటే ఉత్పత్తిలో వాళ్ల ప్రభావం, ఉన్నదానికంటే ఎక్కువగా కనపడుతుంది. దానికి లెవిన్‌సన్, పెట్రిన్ అనే ఆర్థికవేత్తలు 2003లో చెప్పిన ఉపాయం, కరెంటు లాంటి ఇన్‌పుట్ వాడకాన్ని బట్టి ఆ కనపడని దాన్ని పట్టుకోవడం. అప్పుడు ఫస్టియర్ అమ్మాయి లేచి, సిమెంటోళ్లకి సొంత పవర్ ప్లాంట్లు ఉంటాయి కదా, కొన్న కరెంటు ఒక్కటే చూస్తే ఎలా అంది! నిజమే, సొంతంగా తయారు చేసుకున్న కరెంటు యూనిట్లు హెచ్‌లోనే వేరే లైన్లో ఉంటాయి, అవి కలిపి మళ్లీ రన్ చేశాం. ఈ ఏడాదంతటికీ నాకు నచ్చిన ప్రశ్న అదే.

రాత్రుళ్లు జూమ్‌లో కూర్చుని కోడ్ సరిదిద్దిన సీనియర్లకి, ల్యాప్‌టాప్‌లు ఇచ్చిన రీసెర్చ్ స్కాలర్లకి, టీ పంపిన క్యాంటీన్ అన్నకి, సర్లకి, మేడమ్‌లకి చాలా థాంక్స్. ల్యాబ్ తాళం కోసం పెట్టుకున్న అర్జీ మాత్రం ఏ టేబుల్ మీద నిద్రపోతోందో, చివరికి వరండాలో ఎక్స్‌టెన్షన్ బోర్డు లాక్కుని నడిపాం. వాలంటీర్లుగా పేరిచ్చి ఫోటోల టైముకి మాత్రమే వచ్చినవాళ్లకి నేను చెప్పేదేం లేదు.

జమాఖర్చులు ట్రెజరర్ నోటీసు బోర్డుకి అంటించారు, కొంచెం మిగులే ఉంది, చూసుకోండి. వచ్చే ఏడాది డిమాండ్ ఎస్టిమేషన్ (డేటా నుంచి గిరాకీని అంచనా కట్టడం) మీద వర్క్‌షాప్ పెడదామని ఉంది, బాధ్యత తీసుకునేవాళ్లు మీటింగ్ అవ్వకముందే పేరివ్వండి.