మాచిపత్రి చుట్టం, నిప్పుతో వైద్యం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. అమ్మ మోకాళ్ల నొప్పులకి "చైనా పొగ వైద్యం" చేయించమంటావా అని అడిగావు. ఎండిన ఆకు పీచుని రాజేసి ఆ వేడిని ఒంటికి తగిలించే వైద్యం అది, ఇంగ్లీషులో మాక్సిబస్టన్ అంటారు. వూహాన్‌లో మెడిసిన్ చదివేటప్పుడు అక్కడి సంప్రదాయ వైద్య విభాగంలో దాన్ని దగ్గర నిలబడి చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు ఆ ఆకు సంగతి. వాళ్లు 'ఐ' అంటారు. వినాయక చవితి పత్రిలో మనం మొట్టమొదట వేసే మాచిపత్రికి దగ్గరి చుట్టం, రెండూ ఆర్టెమిసియా మొక్కలే. (చైనా శాస్త్రవేత్త తు యూయూకి 2015లో నోబెల్ తెచ్చిన మలేరియా మందు కూడా ఈ వంశపు మొక్క నుంచే వచ్చింది!) ఐ ఆకు వెనక తెల్లటి నూగు ఉంటుంది, అసలు గుట్టంతా అందులోనే ఉంది. ఆకుని ఎండబెట్టి, నిలవ చేసి, దంచి జల్లిస్తే ఈనెలూ దుమ్మూ రాలిపోయి మెత్తటి పీచు మిగులుతుంది. దానికి నిప్పంటిస్తే మంట లేవదు, నిదానంగా, ఒకే తీరున రాజుకుంటుంది. వాళ్ల అయిదో నెల అయిదో రోజు పండక్కి ఇదే ఆకుని గుమ్మాలకి కడతారు, కోత కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. వూహాన్‌కి తూర్పు వైపున్న చీచున్ పంటకి పేరెక్కువ. మూలికల మహా పండితుడు లీ షిజెన్ (1518–1593) సొంతూరు అదే.

ఎంత పాతదనుకున్నావు? చైనాలోని చాంగ్షా నగరంలో మావాంగ్‌దుయ్ అనే చోట క్రీస్తు పూర్వం 168లో మూసిన సమాధిని 1973లో తవ్వితే పట్టుబట్ట మీద రాసిన వైద్యం రాతలు దొరికాయి. ఒంట్లో నాడీ మార్గాలు చెప్పి, ఏ బాధకి ఏ మార్గం మీద కాల్చాలో రాశారు. సూది మాటే లేదు అందులో! సూదుల వైద్యమంటే (ఆక్యుపంక్చర్) లోకమంతా ఎరుగును, దాని పక్కనే నడిచిన ఈ నిప్పుని మాత్రం ఎవరూ పట్టించుకోరని నాకు బాధ. 2010లో యునెస్కో రెండింటినీ కలిపే వారసత్వ సంపదగా గుర్తించింది.

ఇక చేసే తీరు. ఐ పీచుని కాగితంలో చుట్టి, మన చుట్ట కన్నా లావుగా, జానెడు పొడుగున కడ్డీ చేస్తారు. ఒక పెద్ద డాక్టరమ్మ దాన్ని రోగి మోకాలి కింద, నాలుగు వేళ్ల దూరంలో ఉండే 'త్సూసాన్లీ' చోటికి అంగుళం ఎత్తులో పట్టుకుంది. రెండో చేతి వేళ్లు రెండూ ఆ చోటుకి అటూ ఇటూ ఆనించే ఉంచింది. ఎందుకంటే, రోగికి మొద్దుబారిన చర్మమైతే వేడి తెలియదు, ఆమె వేళ్లకి తెలుస్తుంది. బూడిద పేరుకోగానే డబ్బాలో దులిపేది, చర్మం ఎర్రబారగానే కడ్డీ పక్కకి జరిపేది. ఆ శ్రద్ధ నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. ఇంకో పద్ధతిలో పల్చటి అల్లం ముక్కకి చిల్లులు పొడిచి ఒంటి మీద పెట్టి, పైన చిన్న ముద్ద వెలిగిస్తారు. బొబ్బలెక్కి మచ్చపడేలా నేరుగా చర్మం మీదే కాల్చే పాత పద్ధతి కూడా ఉంది. అది మాత్రం నేనొప్పుకోను. మన పల్లెల్లో పసిపిల్లల పొట్ట మీద పెట్టే వాతలు చూసినవాణ్ణి, ఆ ఏడుపు వద్దురా ఎవరికీ.

పనిచేస్తుందా అంటే, ఆ వెచ్చదనానికి కండరాలు సడలి హాయిగా ఉండటం నిజం. కడుపులో ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డ తిరగడానికి తల్లి కాలి చిటికెన వేలి గోరు పక్కన ఈ వేడి పెడతారు. చైనాలోని జియాంగ్సీ రాష్ట్రంలో 260 మంది తొలిచూలు గర్భిణుల మీద చేసి 1998లో ప్రచురించిన పరీక్షలో, వేడి పెట్టించుకున్న వాళ్లలో 75 శాతానికి బిడ్డ తల కిందికి తిరిగింది, పెట్టించుకోని వాళ్లలో 48 శాతానికి. ఆ తర్వాతి పరీక్షల్లో కొన్నిటికి అలాంటి ఫలితం రాలేదు. కీళ్ల అరుగుదలని ఇది మాన్పుతుందని మాత్రం నేను చెప్పను.

అమ్మకి షుగరుంది కదా, అదే నా భయం. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే కాలుతున్నా తెలియదు, ఆ పుండు మానడం ఎంత కష్టమో నీకు చెప్పక్కర్లేదు. ముందు డాక్టరు చేత పాదాల స్పర్శ పరీక్ష చేయించు. బాగుందంటే, అల్లం ముక్క పద్ధతో, దూరంగా పట్టే కడ్డీయో చేయించు, నువ్వు పక్కనే కూర్చో. ఆవిడకి చలికాలంలో ఆయాసం వస్తుందన్నావు, ఆ పొగ పడదు, కిటికీలు తీసి ఉంచమను. మోకాలికి ఇప్పుడు వాడే మందులు మాత్రం ఆపొద్దు. రిపోర్టు రాగానే నాకు ఫోన్ చెయ్యి.

నీ
రాఘవ